తరచూ నాగా పెట్టే ఉద్యోగిని తొలగించవచ్చునా?

ఉద్యోగ సంబంధాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తాడేపల్లిగూడెం దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. ముఠా కూలీలు కాక నెలజీతం మీద ముప్పై ఇద్దరు పనిచేస్తున్నారు. బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ నడిపే ముగ్గురిలో ఒకతను తొమ్మిదేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. జీతం 18,000 రూపాయలు. పనిలో నేర్పరి, వచ్చిన రోజున వంక పెట్టడానికి ఉండదు. అయితే రెండేళ్ల నుంచి నెలకు ఐదారు రోజులు, ఒక్కోసారి ఎనిమిది రోజులు చెప్పకుండా మానేస్తున్నాడు. అడిగితే జ్వరమనీ, తల్లికి బాగోలేదనీ, చేను కోతకొచ్చిందనీ అంటాడు. సంక్రాంతికి వెళ్లినవాడు పది రోజులకు గానీ తిరిగి రాలేదు. అతను రాని రోజున మిగతా ఇద్దరూ రెండు షిఫ్టులు చేయవలసి వస్తోంది, అతనికొక న్యాయం మాకొక న్యాయమా అని వాళ్లు నన్ను నిలదీస్తున్నారు. ఒకసారి కోపం పట్టలేక ఫోనులో ‘ఇక నువ్వు రానక్కరలేదు’ అన్నాను గానీ మర్నాడు వచ్చి నిలబడితే మళ్లీ పనిలోకి తీసుకున్నాను. ఇప్పుడు మస్టరులో పేరు కొట్టేద్దామంటే మా గుమాస్తా వద్దంటున్నాడు. తోటి మిల్లర్లలో కొందరు తెల్లకాగితం మీద సంతకం తీసుకుని దాన్ని రాజీనామాగా రాసుకోమంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ గుమాస్తా సరైన సలహా ఇచ్చారు. మస్టరులో పేరు కొట్టివేయడం చూడడానికి ఒక గీత గీయడమే అయినా, చట్టం దృష్టిలో అది ఉద్యోగం నుంచి తొలగించడమే. గైరుహాజరు కారణంగా పేరు కొట్టివేసినా అది రిట్రెంచ్‌మెంటు (శిక్షగా కాక వేరే కారణంతో ఉద్యోగం తీసేయడం) కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో దక్షిణ రైల్వే కార్మికుడు రాబర్ట్ డిసౌజా కేసులో చెప్పింది. 1993లో డి.కె. యాదవ్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా మానితే ఉద్యోగం తనంతట తానే పోతుందని యాదవ్ పనిచేసిన కర్మాగారం స్టాండింగ్ ఆర్డర్లలోనే, అంటే ఉద్యోగ నియమావళిలోనే, రాసి ఉంది. అయినప్పటికీ కార్మికుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా, విచారణ జరపకుండా తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని చెప్పి, పని లేకుండా ఉన్న కాలానికి సగం జీతం ఇచ్చి అతన్ని తిరిగి పనిలోకి తీసుకోమని కోర్టు ఆదేశించింది. రాతలో నిబంధన ఉన్న సంస్థకే అలా జరిగినప్పుడు, ఏ నిబంధనా కాగితం మీద లేని మిల్లులో గుమాస్తా చేతి గీత నిలవదు.

‘మాది ముప్పై మంది ఉన్న చిన్న మిల్లు, ఈ చట్టాలు పెద్ద ఫ్యాక్టరీలకు కదా’ అని యజమానులు తరచూ అంటూ ఉంటారు. అందులో సగమే నిజం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరిగా ఉండవలసినది 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థల్లోనే కనుక ఆ భారం మీకు లేదు. కానీ ఏడాదిపాటు ఎడతెగకుండా పనిచేసిన కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ, దానితోపాటు పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలన్న నియమానికి సంస్థ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. తొలగింపు మీద కార్మికుడు ఒంటరిగానే, ఏ సంఘం అండా లేకుండానే, కార్మికశాఖకు వెళ్లే హక్కు కూడా అంతే. పోనీ పరిహారమేదో ఇచ్చేసి పంపించేద్దామని మీరు అనుకుంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. ఒక తరగతి పనివారిలో సాధారణంగా చివర చేరినవారినే ముందు తొలగించాలి. మిగిలిన ఇద్దరు ఆపరేటర్లు ఇతని తరవాత చేరినవారైతే, తొమ్మిదేళ్లవాడిని పంపి వారిని ఎందుకు ఉంచుకున్నారో మీరు కారణాలు రాసి చూపవలసి వస్తుంది.

తెల్లకాగితం సంతకం సంగతి గట్టిగానే చెప్పాలి. అది తప్పు, పైగా పనికిరాని తప్పు. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి ఏ కారణమూ చెప్పకుండా రాజీనామా ఇచ్చి, ఆ వారంలోనే కార్మికశాఖ మెట్లెక్కితే, ఆ రాజీనామా స్వచ్ఛందంగా ఇచ్చినదని ఏ అధికారీ నమ్మడు. నిజంగా దోషం అతనిదే అయిన వ్యవహారంలో కూడా ఆ కాగితం చూడగానే దోషం మీ వైపు తిరుగుతుంది.

అయితే చెప్పకుండా మానేవాడిని జీవితాంతం భరించవలసిందేనని చట్టం ఎక్కడా అనలేదు. అనుమతి లేకుండా పది రోజులకు మించి రాకపోవడం, తరచూ సెలవు పెట్టకుండా మానడం, రెండూ దుష్ప్రవర్తనలేనని పాత చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉంది. అలవాటుగా గైరుహాజరయ్యేవాడికి పని మీద ఆసక్తి లేదని భావించవచ్చునని ఢిల్లీ రవాణా సంస్థ ఉద్యోగి సర్దార్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. రాని రోజులను రికార్డులో జీతం లేని సెలవుగా నమోదు చేసినంత మాత్రాన యజమాని ఆ తప్పును క్షమించినట్లు కాదని కూడా ఆ తీర్పులో ఉంది. మీ గుమాస్తా ఆ రోజులకు జీతం కోసి ఊరుకుని ఉంటే దానివల్ల మీకు నష్టం లేదన్నమాట. మరోవైపు 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో, సెలవు అడగకుండా మానినంత మాత్రాన కావాలని మానినట్లు కాదని, జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటి తప్పనిసరి కారణాలు ఉండవచ్చునని, కావాలనే మానాడని రుజువు కావాలని కోర్టు చెప్పింది. అది ప్రభుత్వోద్యోగి కేసే అయినా మీకు పనికొచ్చే మాట ఉన్నది అందులోనే. మీ ఉత్తరంలో అతను రాని రోజుల లెక్క ఉంది, అతను చెప్పిన సాకులున్నాయి. అసలు కారణం ఏమిటన్నది మాత్రం లేదు. బహుశా మీకు కూడా తెలియదు. దాన్ని అడిగి తెలుసుకుని కాగితం మీద పెట్టడమే ఈ వ్యవహారంలో మొదటి పని, సగం పని కూడా అదే.

ముందుగా రెండేళ్ల మస్టరు తీసి అతను రాని తేదీలన్నిటినీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. తేదీలు వరసగా కనబడితే చాలా సంగతులు అవే చెబుతాయి. మన డెల్టాలో నాగాలకు ఒక పంచాంగం ఉంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ఏప్రిల్లో దాళ్వా కోతలు, జనవరిలో పండగ, జూలై ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాలవారికి పడవ దాటడమే గగనం. అతని నాగాలు కోతల రోజుల్లోనే ఎక్కువగా ఉంటే ఆ మనిషికి అరెకరమో ఎకరమో కౌలు చేను ఉండి ఉంటుంది. అలాంటప్పుడు కోతకు నాలుగు రోజుల సెలవు ముందే రాయించుకుని, ఆ రోజులకు వేరే మనిషిని చూసుకుంటే తగాదాలో సగం తీరిపోతుంది. జీతాల రోజు తరవాత వరసగా మూడు రోజులు కనిపించకపోతే అది తాగుడు కావచ్చు. వారంలో ఒకే రోజున, ఒకే వ్యవధిలో రాకపోతే ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడేమో ఆలోచించాలి. ఇవి నా ఊహలే గనక ఏదీ ముందుగా ఖాయం చేసుకోకండి, కానీ ఈ కాగితం లేకుండా అతన్ని పిలిచి మాట్లాడకండి.

తరవాత అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, నలుగురి ముందూ కాకుండా, తేదీలు చూపించి అడగండి. ‘ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నను ‘ఇంట్లో ఏం జరుగుతోంది’ అని అడిగితే వచ్చే జవాబే వేరు. మీరు అడిగింది, అతను చెప్పింది ఆ రోజే తేదీ వేసి రాసి పెట్టుకోండి. జబ్బు అంటే వైద్యుడి కాగితం అడగండి. 18,000 జీతగాడు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) పరిమితి అయిన 21,000 లోపలే ఉన్నాడు, మీ మిల్లులో పదిమందికి మించి ఉన్నారు గనక అతను ఈఎస్ఐ పరిధిలో ఉండవలసినవాడే. చందా కట్టిన కార్మికుడికి జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఈఎస్ఐ నుంచే వస్తుందని మన కార్మికుల్లో చాలామందికి తెలియదు. తెలిస్తే చెప్పకుండా మానే బదులు డిస్పెన్సరీకి వెళ్లి ధ్రువపత్రం తెచ్చుకునేవారు. ఆ ధ్రువపత్రం ఉన్న రోజులకు గాను అతన్ని శిక్షించడం కుదరదు. జబ్బు భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగిని తొలగించరాదన్నది 1948 నాటి ఈఎస్ఐ చట్టం మొదటి నుంచీ పాటించిన సూత్రం. ఊళ్లో ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ తెస్తే దాన్ని మొహాన కొట్టకండి, ప్రభుత్వ వైద్యుడికి చూపించుకుని రమ్మని రాతపూర్వకంగా చెప్పండి. తాగుడే కారణమని తేలితే ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో చికిత్స ఉంది, వ్యసన విముక్తికి 14446 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. తొమ్మిదేళ్లుగా మీ మిషన్ చేతిలో పెట్టి నడిపిస్తున్న మనిషికి ఒకసారి ఆ దారి చూపించి, చూపించినట్లు రాసి పెట్టుకోవడం మానవత్వం. రేపు అధికారి ముందు నిలబడవలసి వస్తే మీకు బలం కూడా.

అప్పటికీ మారకపోతే మెమో ఇవ్వండి. మెమోలో ‘మీరు తరచూ గైరుహాజరవుతున్నారు’ అని గాలిమాటగా రాయకూడదు. ఫలానా తేదీల్లో అనుమతి లేకుండా రాలేదు, సంజాయిషీ ఏడు రోజుల్లో ఇవ్వండి అని తేదీలన్నీ రాయాలి. తెలుగులో రాయాలి. ఆడిటరు తయారుచేసిన ఇంగ్లీషు మెమో మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టించుకున్న ఉదంతాలు నేను చాలా చూశాను, విచారణలో ‘అందులో ఏముందో నాకు తెలియదు’ అని కార్మికుడు అంటే యజమాని దగ్గర సమాధానం ఉండదు. మెమో చేతికి ఇస్తే సంతకం తీసుకోండి. పుచ్చుకోనంటే ఇద్దరు సాక్షులతో ఆ సంగతి రాయించి, తెలిసిన చిరునామాకు పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనక స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్ కోరి రసీదు దాచండి. మొదటి మెమో తరవాత హెచ్చరిక, ఆ తరవాత ఇంక్రిమెంటు ఆపడమో నాలుగు రోజుల సస్పెన్షనో, ఇలా మెట్టు మెట్టుగా వెళ్లాలి. కోర్టులు మొదట చూసేది తప్పుకు తగిన శిక్షేనా అన్నదే. రెండేళ్లు నోరెత్తకుండా ఊరుకుని ఒక్కసారిగా తొలగిస్తే, తప్పు రుజువైనా శిక్ష ఎక్కువైందని తగ్గించే అధికారం పారిశ్రామిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు ఉంది.

ఇన్నీ అయ్యాక కూడా మానుతూనే ఉంటే ఛార్జిషీటు ఇచ్చి విచారణ జరపండి. విచారణాధికారి మీరు కాకూడదు, మీ తమ్ముడో బావమరిదో కాకూడదు. ఊళ్లో ఎవరైనా న్యాయవాదిని పెట్టుకోండి. కార్మికుడు తనకు తోడుగా తోటి కార్మికుడిని తెచ్చుకుంటానంటే ఒప్పుకోండి. మస్టరు, మెమోలు అతనికి చూపించి, మీ గుమాస్తాను అతని చేత ప్రశ్నింపజేసే అవకాశం ఇవ్వండి. పాత హెచ్చరికల ఆధారంగా శిక్ష పెంచదలిస్తే ఆ మాట అతనికి ముందే తెలియజేయాలి. పిలిచినా రాకపోతే రెండోసారి తేదీ వేసి పిలిచి, అప్పటికీ రాకుంటే ఏకపక్షంగా ముగించవచ్చు. విచారణ కాలంలో సస్పెండు చేస్తే మొదటి 90 రోజులూ సగం జీతం, ఆ పైన జాప్యం అతని వల్ల కాకపోతే 75 శాతం ఇవ్వాలి. నాగాల కేసులో సస్పెన్షన్ అవసరం నాకైతే కనిపించదు, రావడం లేదన్నదే అభియోగమైనవాడిని రావద్దనడంలో అర్థం లేదు.

తొలగింపు ఉత్తర్వు ఇచ్చిన రెండు పనిదినాల్లో మిగిలిన జీతమంతా చెల్లించాలి. గ్రాట్యుటీ ఆపడానికి వీల్లేదు. హింస, నైతిక పతనం కిందికి వచ్చే నేరం, ఆస్తినష్టం వంటి సందర్భాల్లో తప్ప గ్రాట్యుటీ కోయకూడదు, నాగా వాటిలో లేదు. 18,000ను 26తో భాగించి 15తో, 9తో గుణిస్తే దాదాపు 93,460 రూపాయలు అవుతుంది, అది అతనిదే.

ఇంకో సంగతి. మిగిలిన ఇద్దరూ రెండేసి షిఫ్టులు చేస్తున్నారని మీరే రాశారు. ఆ అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇస్తున్నారా? ఇవ్వకపోతే అది ముందు సరిచేయండి, మనిషి చేత రోజుకు పదహారు గంటలు చేయించడం మానండి. నాలుగో ఆపరేటర్‌ను తయారుచేసుకోవడం మంచిది, యంత్రం ఒక్క మనిషి మీద ఆధారపడినంత కాలం మీరు కోపంతోనే నిర్ణయాలు తీసుకుంటారు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు బట్టల దుకాణం ఉంది, పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. ఏడాదిన్నరగా ఉన్న సేల్స్ అమ్మాయి రెండు నెలల నుంచి వారానికి ఒకటి రెండు రోజులు రావడం లేదు. ఇప్పుడు మూడో నెల గర్భిణి అని తెలిసింది. పెళ్లిళ్ల సీజను దగ్గర పడింది. నెల నోటీసు ఇచ్చి తీసేయవచ్చునా?

జవాబు: కూడదు. గర్భిణి కావడం వల్ల వచ్చిన గైరుహాజరుకు తొలగించడాన్ని చట్టం నేరుగా నిషేధిస్తుంది. పదిమందికి మించి పనిచేసే దుకాణం గనక, ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. గర్భం వల్ల ఆరోగ్యం చెడితే ధ్రువపత్రం మీద ఇంకో నెల అదనంగా ఉంటుంది. ఈఎస్ఐలో ఉంటే ఆ సొమ్ము మీ జేబులోంచి కాక అక్కడి నుంచే వస్తుంది. నెల నోటీసు మాట మీకు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం నుంచి వచ్చి ఉంటుంది. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తొలగించాలంటే తగిన కారణం ఉండాలని కూడా ఆ చట్టమే అంటోంది, గర్భం తగిన కారణం కాదు. మూడో నెలలో వేవిళ్లతో ఉన్న అమ్మాయిని పది గంటలు నిలబెట్టి చీరలు మడతపెట్టిస్తే నాగాలు తప్పవు. ఒక కుర్చీ వేసి బిల్లింగు కౌంటరులో కూర్చోబెట్టి చూడండి. పరీక్షలకు ఆసుపత్రికి వెళ్లే తేదీలు ముందే తెలుసుకుంటే ఆ రోజుకు వేరొకరిని సర్దుకోవచ్చు. సీజనుకు తాత్కాలికంగా ఇంకొకరిని తీసుకోండి.

ప్రశ్న: నేను అంబాజీపేట వైపు ఒక కొబ్బరిపీచు యూనిట్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వరదల్లో మా లంకలోకి నీళ్లొచ్చాయి, ఆపైన బాబుకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నాం. పన్నెండు రోజుల తరవాత వెళితే గేటు దగ్గరే ఆపేశారు. నువ్వే మానేశావు, పేరు తీసేశాం అన్నారు. కాగితమేదీ ఇవ్వలేదు. మా ఓనరు గారికి ఫోను చేస్తే ఎత్తడం లేదు.

జవాబు: తమ్ముడూ, ముందుగా ఈ రోజే ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వరద వల్ల, బాబు జబ్బు వల్ల రాలేకపోయాననీ, ఫలానా తేదీన పనికి వస్తే గేటు దగ్గర ఆపారనీ, ఇప్పటికీ పని చేయడానికి సిద్ధంగా ఉన్నాననీ రాసి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపండి. అదే మాట ఓనరు గారికి వాట్సాప్‌లో కూడా పెట్టండి, దాని ఫోటో తీసి ఉంచండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు పారేయకండి. లంకలో నీళ్లున్నాయనడానికి గ్రామ సచివాలయం నుంచి ఒక ధ్రువీకరణ అడిగి తీసుకోండి. మనసులో పని వదిలేసే ఉద్దేశం ఉంటేనే ‘మానేశాడు’ అనగలరు. పనికొచ్చి గేటు దగ్గర నిలబడినవాడి విషయంలో ఆ మాట నిలవదు. పైన చెప్పిన యాదవ్ కేసులో కూడా తనను గేటు దగ్గరే ఆపారని ఆ కార్మికుడు చెప్పాడు.

వారం పది రోజుల్లో జవాబు రాకపోతే సహాయ కార్మిక కమిషనరు కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. న్యాయవాది అక్కరలేదు, ఫీజు కూడా ఉండదు. అధికారి మీ ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. కొత్త కోడ్ ప్రకారం ఆ ప్రయత్నం 45 రోజుల్లో ముగియాలి, కుదరకపోతే ఆ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో మీరే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తొలగించిన నాటి నుంచి రెండేళ్లు దాటితే దారి మూసుకుపోతుంది గనక, మళ్లీ పిలుస్తారులే అని నెలల తరబడి ఎదురుచూడకండి. ఈలోగా లెక్క తేల్చుకోమని ఓనరు గారు పిలిస్తే, మీకు రావలసిన జీతం తీసుకోండి గానీ ‘ఇష్టపూర్వకంగా మానుకున్నాను’ అని రాసి ఉన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. చదవడం కష్టమైతే ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, చదివించుకున్నాకే చెబుతానని చెప్పి వచ్చేయండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆధార్, బ్యాంకులో జీతం పడిన పాస్‌బుక్ పేజీలు, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఉంటే వాటి నకళ్లు జత చేయండి. చేతికి జీతం ఇచ్చే యూనిట్ అయితే, మీతో పనిచేసిన ఇద్దరి పేర్లు సాక్షులుగా రాయండి.